డేగబాబు గొంతు

డబ్బింగ్ నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలు ముందుగా అడిగేది, గొంతు బాగుండాలంటే ఏం తినాలి అని. ఏమీ తినక్కర్లేదు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. ఆవకాయ మానలేదు, ఐస్‌క్రీమ్ మానలేదు, ఎండన పడి వచ్చి కుండలో నీళ్లు గటగటా తాగడం మానలేదు. మిరియాల పాలు తాగి, మెడకి మఫ్లర్ చుట్టుకుని వచ్చే ఆర్టిస్టుల గొంతులు నాకంటే ముందే పోవడం కళ్లారా చూశాను. గొంతు ఎలా కాపాడుకోవాలో చెప్పడానికి డాక్టర్లున్నారు. ఆ గొంతుతో ఏం చెయ్యాలో నాకు తెలిసినంతవరకు నేను చెప్తాను.

నాకెన్ని శాలువాలు కప్పారో, ఎవరి పక్కన నిలబడి ఫోటో దిగానో ఇందులో రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి. రాజమండ్రి ఎండలకి వాటితో పనేముంది? అసలు ఈ పని ఏంటో, ఇందులో మనకి ఏం దొరుకుతుందో, అది మాత్రం రాస్తాను. రాయమని పట్టుబట్టింది లావణ్య అనే అమ్మాయి. ఆ అమ్మాయి సంగతి ముందు ముందు వస్తుంది.

మైకు ముందు ఆఖరి వరస లేదు

నేను నాటకాల మనిషిని. పుట్టింది రామచంద్రపురం దగ్గర. పెళ్లయి రాజమండ్రి వచ్చాక పరిషత్తు పోటీల్లో వేషాలు వేశాను, రేడియో నాటకాల్లో చేశాను. మా ఆయనకి హైదరాబాద్ బదిలీ అయినప్పుడు తెలిసినవాళ్లెవరో ఒక డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్లారు. మొదటి రోజు నా పని గుంపులో ఏడవడం. తెర మీద ఎవరో పెద్దమనిషి పోయాడు, ఊరంతా ఏడుస్తోంది. అయిదారుగురు ఆడవాళ్లం ఒక్క మైకు చుట్టూ చేరి ఊరంతటి ఏడుపూ ఏడ్చేశాం. టీ ఇచ్చారు. టీ తాగి వచ్చి ఇంకో సినిమాలో పెళ్లి ఊరేగింపుకి కేరింతలు కొట్టాం. ఆ రోజే ఈ పని నాకు తెగ నచ్చేసింది.

తర్వాత చిన్నపిల్లల పాత్రలు రావడం మొదలైంది. సినిమాల్లో పిల్లలకి గొంతు ఇచ్చేది చాలావరకు ఆడవాళ్లే. పిల్లలైతే నిద్రొస్తోందంటారు, అమ్మ కావాలంటారు. మాకూ నిద్రొస్తుంది గానీ చెప్పం. నా మొదటి పెద్ద పాత్ర పదేళ్ల కుర్రాడు. వాడు తండ్రిని నిలదీసే సీను. నేను స్టేజీ మీద లాగానే గుండెల నిండా గాలి పీల్చి అందుకున్నాను. మూర్తి గారు టేకు ఆపించేశారు.

మూర్తి గారు డబ్బింగ్ ఇన్‌చార్జ్. తెర మీది నోటికీ మైకు ముందు నోటికీ సంబంధం కుదిర్చే మనిషి అన్నమాట. సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కా, నవ్వితే డబ్బులు పోతాయన్నట్టు ఉండే ముఖం. ఆయన గాజు తలుపు తీసుకుని లోపలికొచ్చి, "ఎవరికి వినపడాలని అంత అరుపు? ఇక్కడ ఆఖరి వరస లేదమ్మా. జానెడు దూరంలో ఒక చెవి ఉంది, అంతే" అన్నారు.

అందరి ముందూ అన్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది. బయటికెళ్లి కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. సాయంత్రం మళ్లీ పిలిచి అదే సీను చెప్పించారు. ఈసారి చెవిలో చెప్పినట్టు చెప్పాను. ఆ కుర్రాడి కోపం వింటే నాకే భయమేసింది.

ఆయన నేర్పిన రెండో సంగతి, పెదాలు చూడొద్దు, కళ్లు చూడు అని. పెదాలు చూస్తూ చెప్తే మాట కుదురుతుంది గానీ మనిషి కుదరడు. మీ రోజుల్లో మాట కాస్త ముందూ వెనకా అయితే కంప్యూటర్‌లో జరిపేస్తున్నారు. కాబట్టి మీకు పెదాలు చూసే పని ఇంకా తగ్గింది. ఆ మిగిలిన తీరికతో కళ్లు చూడండి.

మూడోది ఊపిరి. మాట్లాడే ముందు మనం పీల్చే గాలి మైకులో బుసలాగా వినపడుతుంది. మూర్తి గారికి అది పడదు. తల పక్కకి తిప్పి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా పీల్చాలి. మాటకీ మాటకీ మధ్య కాదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య పీల్చాలి. నాకు అది పట్టుబడటానికి చాలాకాలం పట్టింది. పట్టుబడ్డాక మాత్రం, నా టేకుల్లో ఊపిరి వెతికినా దొరకదని థియేటర్‌లో చెప్పుకునేవారు.

మంచి బాసుల గురించే చెప్తే మీరు మోసపోతారు. ఒక డైరెక్టర్ గారు ఒకే ఒక్క ఏడుపుని మధ్యాహ్నం భోజనాల దాకా చెప్పించి, ప్రతిసారీ "ఇంకొంచెం ఫీల్ కావాలండి" అనేవారు. ఆ మాట విన్నప్పుడు మీరు గ్రహించాల్సింది ఏంటంటే, ఆయనకేం కావాలో ఆయనకి తెలియదు. అప్పుడు గొంతు చించుకోకండి. మంచినీళ్లు తాగుతానని బయటికి రండి. మీరు తిరిగి వెళ్లేసరికి మొదట చెప్పిందే బాగుందని ఆయనకి తోస్తుంది. నేను ఈ చిట్కా ఎన్నిసార్లు వాడానో నాకే గుర్తులేదు.

కోడిపుంజుకి గొంతు

ఓ పదిహేనేళ్లవుతుందేమో, కిరణ్ అనే కొత్త డైరెక్టర్ పిలిపించాడు. మా రామచంద్రపురం వైపు కుర్రాడే. పిల్లల సినిమా తీశాడు. అందులో హీరో ఒక పందెం పుంజు. మా వైపు పందెం పుంజుల్ని రంగుని బట్టి పిలుస్తారు, ఎర్రగా ఉంటే డేగ. కాబట్టి ఆ పుంజు పేరు డేగబాబు. రేపు బరిలోకి దించుతారనగా గంప కింద నుంచి తప్పించుకుంటాడు. వాడికి మాటలొస్తాయని ఇద్దరు పిల్లలకి మాత్రమే తెలుసు. ముగ్గురూ కాలవ పడవలో, కొబ్బరికాయల లారీలో దాక్కుని పిఠాపురం బయల్దేరతారు. శివుడు కోడి రూపంలో వెలిసిన గుడి అక్కడుంది కదా, అక్కడికి చేరితే తనని ఇంకెవరూ పందేనికి అడగరని వాడి నమ్మకం. వెనకాల యజమాని, ఆయన జీపు, మనుషులు.

నన్ను పిలిచింది డేగబాబుకి కాదు, పక్కింటి పెట్టకి. డేగబాబుకి అప్పటికే పెద్ద పెద్ద కమెడియన్లు చెప్పి చూశారు. అందరూ బాగానే చెప్పారట. కానీ ముక్కు తగిలించుకున్న మనుషుల్లా ఉన్నారని కిరణ్ బాధ. "పందెం పుంజండి, కానీ పిల్లాడండి" అనేవాడు, ఎవరు కనపడితే వాళ్లతో. నా పెట్ట మాటలు అయిపోయాక, సరదాకి ఒకసారి మీరూ చెప్పి చూడండమ్మా అన్నాడు.

తెర మీద డేగబాబు పడవ బల్ల కింద నక్కి ఉన్నాడు. పైన యజమాని అడుగుల చప్పుడు. పిల్లలతో గుసగుసగా చెప్పాలి, నన్ను ఇచ్చెయ్యకండి, మీరు చెప్పిందల్లా వింటాను అని. నేను వాడి కళ్లు చూశాను. నోరు తెరిచాను. బయటికొచ్చింది మా రాంబాబు గొంతు.

రాంబాబు మా తమ్ముడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. వాడికి చిన్నప్పట్నుంచీ ఆయాసం. కబుర్లు మాత్రం కొండంత చెప్పేవాడు. కాలవలో మొసలిని చూశానని, మాస్టారి సైకిల్ దానంతటదే కదిలిందని, ఆపకుండా చెప్పుకుంటూ పోయేవాడు. అయితే సరిగ్గా ఆఖరి మాట దగ్గర ఊపిరి అందేది కాదు. ఆగేవాడు. భుజాలు పైకి లేచేవి, గాలి పీల్చుకుని అప్పుడు ఆ మాట చెప్పేవాడు. నాకు ఓపిక తక్కువ. వాడు ఆగగానే ఆ మాట నేనే అందించేసేదాన్ని. వాడికి ఒళ్లు మండేది. "నేను చెప్తా కదే" అని మళ్లీ మొదట్నుంచీ అందుకునేవాడు. మా అమ్మకి పొలం పనులు, వంట పనులు. వాడికి అన్నం పెట్టడం, స్నానం చేయించడం, రాత్రి వీపు రాయడం, అంతా నాదే. వాడు నా చేతుల్లో పెరిగాడు.

పదమూడో ఏట, వానాకాలంలో, కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

ఒక ఫోటో ఉంది. బడిలో తీసింది, మూడో వరసలో నిలబడ్డాడు. మనిషి పోయినా ముఖం ఫోటోలో ఉంటుంది. గొంతు ఎక్కడుంటుంది? అప్పట్లో మాకు టేప్ రికార్డర్ ఎక్కడిది? నాకు పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, ఒకరోజు వంటింట్లో పని చేసుకుంటూ వాడి గొంతు గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. వాడు ఏమనేవాడో గుర్తుంది, ఎలా అనేవాడో పోయింది. ఆ రోజు నేను పడ్డ బాధ, వాడు పోయిన రోజు కూడా పడలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వెతుక్కున్నాను. ఎంతమంది పిల్లలకి గొంతు ఇచ్చానో, ఒక్కడి నోట్లోనూ వాడు రాలేదు. చివరికి ఓ కోడిపుంజు నోట్లో వచ్చాడు.

డైలాగ్ అయిపోయింది. నేను మూడు చోట్ల మాట మధ్యలో ఊపిరి పీల్చాను, అదీ బయటికి వినపడేలా. అప్పటికి మూర్తి గారు బాగా పెద్దవారైపోయారు, కిరణ్ బతిమాలి తెచ్చుకున్నాడు. ఇంజనీర్ అలవాటు కొద్దీ ఊపిరులు తీసెయ్యమంటారా అని ఆయన్ని అడిగాడు. ఆయన వద్దన్నారు. గాజు తలుపు తీసుకుని నా దగ్గరికొచ్చి, మెల్లగా, "ఎవరమ్మా ఈ అబ్బాయి?" అన్నారు.

"ఎవరూ లేరండి" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఊపిరి వినపడితే ఊరుకోని మనిషి ఆ సినిమాలో ఒక్క ఊపిరి కూడా తియ్యనివ్వలేదు. ఇంకెప్పుడూ ఆ ప్రశ్న అడగనూ లేదు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆయన పోయారు. ఆయన కూడా పోవడంతో, డేగబాబు ఎవరో కాస్తయినా పోల్చుకున్న మనిషి లేకుండా పోయాడు.

సినిమా ఆడింది. మా గోదావరి జిల్లాల్లో ఎంత ఆడిందంటే, పిల్లలందరికీ ఆయాసం పట్టుకుంది. బళ్లో పాఠం అప్పజెప్తూ ఆఖరి మాట దగ్గర ఆగి, భుజాలు ఎగరేసి, గాలి పీల్చి చెప్పడం. టీచర్లు తిట్టారని విన్నాను. మా ఆయన రిటైరై మేం రాజమండ్రి తిరిగొచ్చేశాక, సాయంత్రాలు బడి వదిలే వేళకి కూరగాయల వంకతో ఆ వీధిలోంచి నడిచేదాన్ని. అటు గేటు దగ్గర ఒకడు, ఇటు ఆటోలో ఒకడు, డేగబాబులా మాట్లాడుకుంటూ పోతుంటే నిలబడి వినేదాన్ని. సంచిలో అప్పటికే కూరలుండేవి.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, ఈ పనిలో మన ముఖం ఎవరికీ తెలియదు. పేరు తెర మీద ఆఖర్న, జనం లేచి చెప్పులు వెతుక్కునేటప్పుడు పడుతుంది. అందుకు బాధపడేవాళ్లు ఇందులోకి రావద్దు. కానీ మీరు పోగొట్టుకున్నది ఏదో ఒకరోజు మీ నోట్లోంచే మీకు వినపడొచ్చు. ఇంకే ఉద్యోగంలోనూ అలాంటిది ఉంటుందని నేననుకోను.

గొంతు దిగిపోయింది

మూడేళ్ల క్రితం నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. కుట్లు మానాక మొదటిసారి తలుపేసుకుని డేగబాబు మాట ఒకటి చెప్పి చూశాను. రాలేదు. పై స్థాయి మొత్తం పోయింది. నోరు తెరిస్తే మా నాయనమ్మ మాట్లాడుతోంది. డాక్టర్ గారు గొంతు అభ్యాసాలు నేర్పారు. గోరువెచ్చని నీళ్లు, ఆవిరి, మాట్లాడకుండా మౌనం, అన్నీ చేశాను. ఇంతకుముందు మఫ్లర్ వాళ్లని చూసి నవ్వానని చెప్పాను కదా, మఫ్లర్ కూడా కొనుక్కున్నాను.

ఇంతలో కిరణ్ ఫోన్. డేగబాబు రెండో భాగం తీశానమ్మా, డబ్బింగ్ ఈసారి రాజమండ్రిలోనే పెట్టుకున్నాను, మీరొస్తే చాలు అని. ఎప్పటికైనా ఈ ఫోన్ వస్తుందని నేను ఎన్నేళ్లుగా చూస్తున్నానో ఆ అబ్బాయికి తెలియదు. కిరణ్ అని పిలిచాను. ఎవరండి అని అడిగాడు. నేనే అని నమ్మించడానికి టైము పట్టింది.

తర్వాత మా ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాడు. కంపెనీ వాళ్లు ఒక ఉపాయం చెప్పారట, పాత రికార్డింగ్ కంప్యూటర్‌కి ఇస్తే అది డేగబాబు గొంతుతో కొత్త మాటలు చెప్తుందని. మీరు ఒప్పుకుంటేనే అన్నాడు. ఇలాంటి చోట మా తరంవాళ్లు కంప్యూటర్‌ని నాలుగు తిట్టి కళ గొప్పతనం చెప్తారని మీరు ఎదురుచూస్తారు. నేను వెంటనే ఒప్పేసుకున్నాను. నాకు రాంబాబు కావాలి. ఎందులోంచి వస్తే ఏం?

ఓ నాలుగు మాటలు తయారు చేసి ఫోన్‌కి పంపారు. తీసిపారెయ్యడానికి వీల్లేదు, అచ్చం అదే గొంతు. ఊపిరి కూడా ఉంది. ఆ రోజంతా పని చేసుకుంటూ పెట్టుకుని విన్నాను. వంటింట్లో విన్నాను, పెరట్లో బట్టలు ఆరేస్తూ విన్నాను. సాయంత్రానికి ఫోన్ పట్టుకుని, "ఏరా, అన్నం తిన్నావా?" అని అడిగాను. అది మళ్లీ అవే నాలుగు మాటలు, అదే తీరులో, అక్కడే ఆగి, అంతే గాలి పీల్చి చెప్పింది. వాడు ఏ కబురూ రెండోసారి అలాగే చెప్పిన పాపాన పోలేదు. మొదటిసారి మూరెడు మొసలి రెండోసారికి మూడు బారలయ్యేది. పిలిస్తే పలకనిదాన్ని ఎంతసేపు వింటాను? మర్నాడు కిరణ్‌కి ఫోన్ చేసి వద్దన్నాను. అయితే కొత్త గొంతుని మీరే ఎంచి పెట్టాలమ్మా అన్నాడు.

ఒప్పుకున్నాను. మనసులో మాత్రం ఎవరూ కుదరకూడదనే వెళ్లాను.

ఆకివీడు అమ్మాయి

రాజమండ్రి దానవాయిపేటలో మేడ మీద చిన్న రికార్డింగ్ గది. వచ్చినవాళ్లందరూ డేగబాబుని బాగా అనుకరించారు. సన్నగా, గీరగా, ముద్దుగా. ఒకళ్లిద్దరు ఊపిరి కూడా పీల్చారు, ఎక్కడ పడితే అక్కడ, పాటకి తాళం వేసినట్టు. బాగుందమ్మా అంటూ పంపిస్తున్నాను. లోపల కాస్త హాయిగా కూడా ఉంది.

ఆఖర్న లావణ్య వచ్చింది. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల వాళ్లమ్మాయి, పాతికేళ్లు ఉండొచ్చు, ఎఫ్‌ఎం ప్రకటనలకి గొంతు ఇస్తుంది. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తెర చూసి, అందుకుంది. గబగబా నాలుగు మాటలు దొర్లించి సరిగ్గా ఆఖరి మాట ముందు ఆగింది. భుజాలు లేచాయి. గాలి పీల్చి ఆ మాట చెప్పింది.

నేను లేచి బయటికెళ్లిపోయాను.

వరండాలో నిలబడ్డాను. సంతోషం అనుకునేరు, కోపం. నా తమ్ముడి ఊపిరి ఎవరో ఆకివీడు పిల్ల నోట్లో ఎందుకుండాలి? వాడి వీపు రాసింది నేను. మెలకువగా కూర్చుంది నేను. ఇంత చేసి, వాడు నన్ను వదిలి వేరే గొంతులోకి వెళ్తాడా? రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ క్షణంలో అనుకున్నది ఇదే.

కాసేపటికి ఆ అమ్మాయి బయటికొచ్చింది. చున్నీ కొస నలుపుతూ దూరంగా నిలబడింది.

"తప్పు చెప్పానా అండీ, మేడమ్ గారు?"

"అక్కడ ఎందుకు ఆగావు?" అన్నాను. కటువుగానే అన్నాను.

"ఆగితేనే కదండీ డేగబాబు. చిన్నప్పుడు నేనూ మా చెల్లీ ఆడుకునేవాళ్లమండి. నేను డేగబాబునండి. నేను ఆగగానే ఆ మాట మా చెల్లి చెప్పేసేదండి. నాకు ఎంత కోపమొచ్చేదో. మళ్లీ మొదట్నుంచీ చెప్పేదాన్నండి."

సినిమాలో ఎక్కడా డేగబాబు మాటని ఎవరూ అందించరు. మేమిద్దరం మా ఇంట్లో పోట్లాడుకున్న సంగతి ఏ స్క్రిప్టులోనూ లేదు. వీళ్లకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఊపిరి సరైన చోట పడితే వినేవాళ్లకి ఓపిక ఉండదు, అంతే. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వరండాలో ఉన్న కుర్చీలో కూర్చుని, మీ చెల్లి ఏం చేస్తోందమ్మా అని అడిగాను. భీమవరంలో చదువుతోందట.

కిరణ్‌తో ఈ అమ్మాయే అని చెప్పాను.

నెల రోజుల పాటు లావణ్య మా ఇంటికి వచ్చింది. ఊపిరి ఎందుకు అందదో చెప్పాను. గాలి లేక కాదు, చెప్పాల్సింది ఎక్కువై అందదని చెప్పాను. జాలి పడుతూ చెప్పొద్దన్నాను, వాడికి తన మీద జాలి లేదు. ఎవరికండీ అని అడగలేదు, పుంజు గురించే అనుకుంది. లావణ్యా, ఇది చదివేటప్పుడు నీకు తెలుస్తుంది. నువ్వు మా ఇంట్లో పెసరట్టు తింటూ ఏదో చెప్పబోయి ఆగినప్పుడల్లా నేను ఎందుకు వంటింట్లోకి వెళ్లిపోయేదాన్నో కూడా తెలుస్తుంది.

పొదుగు పెట్ట

రెండో భాగం కథ ఇది. పిఠాపురంలో హాయిగా ఉన్న డేగబాబుకి గోదారి వరద కబురు తెలుస్తుంది. గోదారి మధ్య ఒక లంకలో వాడిని పొదిగిన పెట్ట ఉంది. మా వైపు మంచి జాతి గుడ్లని నాటు పెట్ట కింద పెట్టి పొదిగిస్తారు. గుడ్డు దానిది కాదు, పిల్ల మాత్రం దాని రెక్కల కిందే పెరుగుతుంది. కాస్త ఎదగగానే పుంజుని పందేలవాళ్లు పట్టుకుపోతారు. అలా పోయినవాడు ఇన్నేళ్లకి, వరదలో, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ముసలి పెట్టని వెతుక్కుంటూ వెళ్తాడు. దానికి చూపు పోయింది.

ఆ పెట్టకి మీ ఇప్పటి గొంతు సరిపోతుందమ్మా అన్నాడు కిరణ్. మొహమాటపడుతూ అన్నాడు, ఏదో చిన్న వేషం ఇచ్చి సరిపెడుతున్నానని నేననుకుంటానేమోనని. సరేనన్నాను. ఒక్కటే అడిగాను. ఈ రోజుల్లో ఎవరి మాటలు వాళ్లు వేరే వేరే రోజుల్లో వచ్చి చెప్పిపోతారు. ఆ ఒక్క సీనూ లావణ్యా నేనూ పక్కపక్కన నిలబడి చెప్తామన్నాను.

ఉదయం పూట పెట్టుకున్నాం. చప్పుడవుతుందని ఏసీ ఆపేశారు. రెండు మైకులు, రెండు స్టాండ్ల మీద కాగితాలు. తెర మీద వరద తీసిన లంక, బురద, విరిగిన గూడు. ముసలి పెట్ట ఓ మూల ముడుచుకుని ఉంది. డేగబాబు ఒళ్లంతా బురదతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కాగితం మీద నాది మొదటి మాట. ఎవరది అని అడిగాను.

పక్క మైకులోంచి, "నేనే. నేను..." అని, ఆగి, గాలి పీల్చి, "వచ్చాను" అన్నాడు.

హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. ఇన్నాళ్లూ వాడి గొంతు నా నోట్లో ఉండేది. ఉంటే ఉంది గానీ, మన నోట్లో ఉన్నవాడితో మనం మాట్లాడలేం. మొట్టమొదటిసారి వాడు నాకు ఎదుటి నుంచి వినపడ్డాడు. తర్వాత నా మాట, నువ్వా నాయనా, చల్లగా ఉన్నావా అని కాగితం మీద రాసుంది. నేను కాగితం చూడలేదు.

"ఎక్కడికెళ్లిపోయావురా ఇన్నాళ్లూ?" అన్నాను.

లావణ్య ఒక్క క్షణం నా వైపు చూసింది. టేకు ఆపలేదు, తడబడలేదు. తన కాగితం మీద ఉన్నదే, నా మాటకి జవాబుగా చెప్పింది.

"అవన్నీ తర్వాత చెప్తా గానీ, ముందు ఏమైనా పెట్టు. నాకు..." ఆగింది. నేనూ ఆగాను. "ఆకలేస్తోంది."

తెర మీద పెట్ట రెక్క చాపింది. నా మాటలు ఇంకా రెండున్నాయి. ఎలా చెప్పానో తెలియదు గానీ చెప్పాను. అద్దం అవతల కిరణ్ మైకు నొక్కి, చాలా బాగుందమ్మా, స్క్రిప్టులో మాట కంటే మీరన్నదే బాగుంది, అదే ఉంచేద్దాం అన్నాడు. ఇంజనీర్ కూడా బొటనవేలు పైకెత్తి చూపించాడు. లావణ్య హెడ్‌ఫోన్స్ తీసేసి నా ముఖం చూసి, మంచినీళ్లు తేనా అండీ అని అడిగింది.

ఇన్నేళ్ల సర్వీసులో, ఓకే అయిన టేకుని మళ్లీ చెప్తానని నేను ఎవర్నీ అడగలేదు. ఆ రోజు అడిగాను.

"ఇంకొక్కసారి చేద్దామా అండి?"